మన తీరం నుంచి అమ్ముడుపోయిన మనుషులకి స్మారకం కట్టాలంటే

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో విగ్రహం లేని సెంటర్ కనపడటం కష్టం. కానీ 17వ శతాబ్దంలో ఇదే కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కించి బానిసలుగా అమ్మేసిన మనుషుల కోసం మాత్రం ఇక్కడ ఒక్క రాయి కూడా నా కంటపడలేదు. బానిస వ్యాపారం అనగానే ఆఫ్రికా, అమెరికా అనుకుంటాం, మనకి సంబంధం లేని కథ అనుకుంటాం. సంబంధం ఉంది. మీ ఊళ్ళో టీచర్లో, గ్రంథాలయం వాళ్ళో, జాలర్ల పాలెం పెద్దలో, చదువుకున్న కుర్రాళ్ళో కలిసి ఒక స్మారకం పెట్టాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ రాయి తీసుకోవాలి, ఏం రాయాలి, ఏం రాయకూడదు అనేది ఇక్కడ చెప్తాను.

శిల్పి దగ్గరికి వెళ్ళడం మూడో పనో నాలుగో పనో. మొదటి పని, రాతి మీద పెట్టబోయే మాట నిజమేనా అని తేల్చుకోవడం.

తెలిసింది ఇదీ. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో, 1606లో నిజాంపట్నంలో వర్తక స్థావరాలు పెట్టింది. 1610లో పులికాట్‌లో దిగి 1613లో గెల్డ్రియా కోట కట్టింది. సూళ్ళూరుపేట, తడ వైపు వాళ్ళకి పులికాట్ సరస్సు తెలిసిందే, ప్రళయకావేరి అంటారు, కోట ఉన్న ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. డచ్చివాళ్ళు ముందు వచ్చింది బట్ట కోసం, ఎందుకంటే ఇక్కడి నేత బట్ట ఇస్తేనే తూర్పు దీవుల్లో మసాలాలు దొరికేవి. 1619లో బటావియా, అంటే ఇప్పటి జకార్తా, వాళ్ళ చేతికొచ్చింది. 1621లో జాజికాయ పండే బందా దీవులని పట్టుకుని అక్కడి జనాన్ని చంపి, తరిమి, దీవుల్ని దాదాపు ఖాళీ చేశారు, ఆ తర్వాత తోటల్లో పని చెయ్యడానికి మనుషులు కావాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇక్కడ కరువొచ్చింది. 1622-23లో పులికాట్, కడలూరు దగ్గరి దేవనాంపట్నం లాంటి రేవుల నుంచి సుమారు 1,900 మందిని కొని పంపించారు. చేతిలో డబ్బుంటే ఇంకో 2,000 మందిని కొనేవాళ్ళమని ఇక్కడి కంపెనీ ఉద్యోగులు వాపోయారు. ఈ ఒక్క విషయం చాలు నాకు, ఈ స్మారకం ఎందుకు కావాలో చెప్పడానికి. పిల్లాడికి గంజి లేక అమ్ముకునే తల్లి ఒక పక్కన ఉంటే, కొనడానికి నిధులు చాలట్లేదని బాధపడే గుమాస్తా ఇంకో పక్కన ఉన్నాడు.

ఇది ఒకసారితో ఆగలేదు. 1640ల్లో మళ్ళీ, 1659-61 మధ్య తంజావూరు వైపు యుద్ధం, కరువు కలిసొచ్చినప్పుడు మళ్ళీ, 1680ల చివర్లో మళ్ళీ జరిగింది. కరువొస్తే మనిషి ధర పడిపోతుంది, ధర పడిపోతే ఓడలు నిండుతాయి. ఎక్కించినవాళ్ళని బటావియాకి, సింహళానికి, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కి తీసుకుపోయారు.

ఇక తెలియనిది. మీ ఊరి రేవు నుంచి ఎంతమందిని ఎక్కించారో మీ దగ్గర కాగితం లేకపోతే "మా ఊరి నుంచే" అని రాయొద్దు. దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళు 1626లో స్థావరం పెట్టారు కదా, అక్కడా ఇదే జరిగి ఉంటుందని ఎవరో ఒకరు అంటారు. జరిగి ఉంటుంది అనేది టీ కొట్టు దగ్గర మాట్లాడుకోవచ్చు, రాతి మీద చెక్కకూడదు. "ఈ కోరమండల్ తీరం నుంచి" అని రాస్తే నిజం, బరువు కూడా తగ్గదు. డచ్చి కంపెనీ కాగితాలు ది హేగ్‌లో ఉన్న వాళ్ళ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా డచ్చి రికార్డులు ఉన్నాయి. దగ్గరలో ఉన్న యూనివర్సిటీ చరిత్ర విభాగంలో ఒక లెక్చరర్‌ని పట్టుకోండి, ఈ విషయం మీద పనిచేసినవాళ్ళు ఎవరో ఆయనే చెప్తారు. రాతి మీద పెట్టే ప్రతి వాక్యానికీ వెనక ఒక ఆధారం కాగితం ఉండాలి, ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఒక కాపీ గ్రంథాలయంలో, ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో ఉంచండి.

స్థలం

దీని మీద చాలామంది ముందు తప్పటడుగు వేస్తారు, సెంటర్లోనో రోడ్డు పక్కనో చోటు చూసుకుని దిమ్మె కట్టేస్తారు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఉంది, రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే చోట్లలో విగ్రహాలకీ కట్టడాలకీ ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. కాబట్టి రోడ్డు ఆలోచన వదిలెయ్యండి. పంచాయతీ ఆఫీసు ఆవరణ, గ్రంథాలయం, కాలేజీ, హైస్కూలు, లేకపోతే ఎవరైనా రాసిచ్చిన పట్టా భూమి, వీటిలో ఒకటి చూడండి. గ్రామసభ పెట్టి తీర్మానం చేయించి, తహసీల్దారు దగ్గర ఆ సర్వే నంబరు పోరంబోకా, గ్రామకంఠమా, ఇంకేదైనా వివాదం ఉందా అని రాతపూర్వకంగా తెచ్చుకోండి.

సముద్రం కనపడే చోటే కావాలని ఉంటుంది, నాకూ ఉంటుంది. అయితే పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి, అనుమతి లేకుండా కాంక్రీటు పొయ్యకూడదు. పాత గుడో కోటో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే దాని చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడం పనికిరాదు, ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకూ అనుమతి కావాలి. ఇవన్నీ విని టెన్షన్ పడొద్దు, పంచాయతీ సొంత ఆవరణైతే సగం గొడవ పోతుంది. సముద్రం కనపడకపోయినా పర్లేదు, ఎటు ఉందో చూపించొచ్చు, దాని గురించి కింద చెప్తాను.

పాలెంలో పెడుతుంటే ముందు పాలెం పెద్దలతో కూర్చోండి. ఆ ఒడ్డు వాళ్ళది, వలలు ఆరబెట్టుకునేది వాళ్ళు, పడవలు లాక్కునే దారి వాళ్ళది. పైనుంచి ఒక కమిటీ వచ్చి మీ చోట్లో రాయి పెడుతున్నాం అంటే ఎవరికైనా మండుతుంది.

రూపం ఎలా ఉండాలి

మనకి అలవాటైన విగ్రహం ఒకటే: ఎత్తు దిమ్మె, దాని మీద చెయ్యెత్తిన మనిషి, మెడలో దండ. అమ్ముడుపోయిన మనుషులకి ఇది నప్పదు. ఇది ఒక నాయకుడి గుర్తు కాదు, పేర్లు కూడా మిగలని వేలమంది గుర్తు. వేరే దేశాలవాళ్ళు ఏం చేశారో చూస్తే మనకి దారి దొరుకుతుంది.

తూర్పు ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో పాత బానిసల సంత జరిగిన చోట 1998లో క్లారా సోర్నాస్ అనే శిల్పి చేసిన పని ఉంది. నేల మట్టానికి కింద ఒక గొయ్యి, అందులో ఐదుగురు నిలబడి ఉంటారు, మెడలకి గొలుసు. చూసేవాడు పైనుంచి కిందికి చూడాలి, కొనడానికి వచ్చినవాడు ఎలా చూశాడో అలా. గుండె పిండేస్తుంది. కానీ మన దగ్గర గొయ్యి వద్దు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి నీళ్ళు నిలుస్తాయి, మిగతా ఏడాది ప్లాస్టిక్ కవర్లు పడతాయి, రెండేళ్ళకి దాన్ని చూస్తే సిగ్గేస్తుంది.

కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో లోరాన్ వాలేర్ అనే శిల్పి చేసింది ఇంకోటి, 1998లోదే. 1830 ఏప్రిల్‌లో ఒక బానిసల ఓడ ఒడ్డుకి కొట్టుకుని పగిలిపోయిన చోటుకి దగ్గరలో, తల వంచుకున్న 15 తెల్ల కాంక్రీటు బొమ్మలు, ఒక్కోటి రెండున్నర మీటర్లు, అన్నీ సముద్రం వైపు, ఆఫ్రికాలోని గినీ సింధుశాఖ ఉన్న దిక్కుకి, 110 డిగ్రీలకి తిరిగి ఉంటాయి. ఈ దిక్కు ఆలోచనని మనం తీసుకోవచ్చు. ఒంగోలు తీరం నుంచి జకార్తా ఆగ్నేయంగా ఉంటుంది, ఉత్తరం నుంచి లెక్కేస్తే సుమారు 127 డిగ్రీలు. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని నేల మీద సుద్దతో గీత గీసి రాళ్ళని ఆ గీత మీద వరసగా పేర్చండి, ఊరి మధ్యలో ఉన్నా సరే ఓడ ఎటు పోయిందో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఆగ్నేయం ఏంటి, వాస్తు ఏంటి అని ఎవరో ఒకరు అడుగుతారు, ఓడ అటే పోయిందండీ అని చెప్పండి.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది కేప్‌టౌన్‌లోది. చర్చ్ స్క్వేర్‌లో 2008లో పెట్టారు, విల్మా క్రూజ్, గావిన్ యంగ్ చేశారు. మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. 11 నల్ల గ్రానైట్ దిమ్మెలు, తక్కువ ఎత్తు, రెండింటి మీద బానిసల పేర్లు, మిగతా తొమ్మిదింటి మీద వాళ్ళ బతుకు, శిక్షలు, తిరుగుబాటు గురించిన మాటలు. పక్కనే 1679లో కంపెనీ బానిసల్ని ఉంచడానికి కట్టిన స్లేవ్ లాడ్జ్ ఉంది, ఇప్పుడు మ్యూజియం. దిమ్మెలు మరీ సాదాగా ఉన్నాయని విమర్శలూ వచ్చాయి. కానీ ఆ కేప్‌కి మన తీరం మనుషులూ వెళ్ళారు, వాళ్ళకి సొంత పేర్లు తీసేసి ఏప్రిల్, సెప్టెంబరు అని నెలల పేర్లు పెట్టడం మామూలు, ఇంటిపేరు ఉండాల్సిన చోట ఎక్కడి నుంచి తెచ్చారో ఆ చోటు పేరు తగిలించేవాళ్ళు. అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నా, బాగుంటుంది కదా అని సుబ్బమ్మ, రాముడు అని పేర్లు మీరు కల్పించి చెక్కించొద్దు. ఒకసారి వాళ్ళ పేర్లు తీసేసి వేరే పేర్లు పెట్టారు, మళ్ళీ మనం ఇంకోసారి అదే పని చెయ్యకూడదు. పేర్లు లేని చోట ఖాళీగా వదలండి, ఒక దిమ్మె మొత్తం ఖాళీగా పాలిష్ చేసి ఉంచండి, రేపు ఎవరైనా పరిశోధన చేసి ఒక పేరు తెస్తే దాని మీద చెక్కొచ్చు.

మనిషి బొమ్మలే కావాలనుకుంటే అభ్యంతరం లేదు, కానీ సగం బట్టలతో వంగిపోయిన ఆడమనిషి, కొరడా పట్టుకున్న దొర, ఆ సీన్లు వద్దు. వాళ్ళని అవమానించిన క్షణాన్నే శాశ్వతం చేసినట్టవుతుంది. గొలుసులు కూడా అలంకారంలా వాడొద్దు.

రాయి

ఈ విషయంలో మనంత అదృష్టవంతులు లేరు, చీమకుర్తి మన పక్కనే ఉంది. గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా పోతుంది, అదే రాయితో మన తీరం కథ చెప్పడం సబబు. అయితే ఒక చిక్కుంది. పాలిష్ చేసిన గెలాక్సీలో బంగారు చుక్కలు మెరుస్తాయి కదా, ఎండ పడినప్పుడు చిన్న అక్షరాలు ఆ చుక్కల్లో కలిసిపోయి చదవలేం. అందుకని నాలుగు పక్కలా రఫ్‌గా, బుష్ హామర్ (పళ్ళున్న సుత్తి) కొట్టినట్టు ఉంచి, పై ముఖం ఒక్కటే పాలిష్ చేయించండి, అక్షరం ఎత్తు అంగుళంన్నర కంటే తక్కువ వద్దు, లోపల తెల్ల రంగు నింపించండి. పాలిష్ ముఖంలో చూసేవాడి మొహం కనపడుతుంది, ఇది ఈ స్మారకానికి చాలా బాగా పనికొచ్చే గుణం, వదులుకోవద్దు.

ఫైబర్ బొమ్మలు చవగ్గా వస్తాయని చెప్తారు, మన ఎండకి రంగు వెలిసి పగుళ్ళిస్తాయి. సిమెంటు బొమ్మకి రంగులేస్తే ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులూడతాయి. ఒడ్డుకి దగ్గరలో కాంక్రీటు తప్పకపోతే ఇనుము మీద కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవర్) ఉండాలి, నేలని తాకే చోట 75. రాయిని రాయికి కలపడానికి మామూలు ఇనప చువ్వలు అస్సలు వద్దు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు అడగండి. బరువు కూడా ముందే లెక్కేసుకోండి, మీటరు పొడవు, అరవై సెంటీమీటర్లు వెడల్పు, అరమీటరు ఎత్తున్న దిమ్మె దాదాపు 900 కిలోలు తూగుతుంది, లారీ, క్రేను ఊళ్ళోకి వచ్చే దారి చూసుకోవాలి. ఇసక నేలైతే కింద వెడల్పాటి కాంక్రీటు పరుపు పొయ్యకపోతే ఒక పెద్ద తుఫానుకి ఇసక కోసుకుపోయి దిమ్మె పక్కకి ఒరుగుతుంది. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గర తీరం దాటింది, ఆ వయసువాళ్ళని అడిగితే చెప్తారు ఇసక ఎలా కదులుతుందో. పని జనవరి తర్వాత మొదలుపెట్టి మే లోపు పునాది, అమరిక అయిపోయేలా చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, కూలీ. అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేసిన మనుషులతో ఈ రాయి కొట్టించొద్దు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది, అయినా అడ్వాన్సు తీరలేదని వెళ్ళనివ్వకుండా పెట్టుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. ఎవరు చేస్తున్నారు, వారం వారం కూలీ చేతికి వస్తోందా అని కమిటీవాళ్ళు వెళ్ళి అడగాలి. కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కొయ్యమనండి, మాస్కు లేకుండా రాతి దుమ్ములో నిలబెట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.

రాతి మీద మాట

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళో కోల్‌స్టన్ అనే బానిస వ్యాపారికి 1895లో విగ్రహం పెట్టారు. కింద ఫలకంలో ఆయన గుణవంతుడు, జ్ఞానవంతుడు అని రాశారే తప్ప బానిస వ్యాపారం ఊసు లేదు. 2018లో నిజం చెప్పే ఇంకో ఫలకం పెడదామని మొదలుపెడితే మాటల మీద గొడవ పడి పడి అది ఆగిపోయింది. 2020 జూన్ 7న జనం విగ్రహాన్ని లాగి హార్బరు నీళ్ళలో పడేశారు. నాలుగు వాక్యాలు సరిగ్గా రాసుకోలేకపోతే ఇంత దూరం వస్తుంది. అందుకని ఆ మాటల కోసం నెలలు పట్టినా పట్టనివ్వండి.

"బానిసలుగా తరలించబడ్డారు" అని రాయొద్దు. ఎవరు తరలించారు? వాళ్ళ పేరు వాక్యంలో ముందుండాలి. అమ్మినవాళ్ళలో మన దేశం దళారులు కూడా ఉన్నారు, అది దాచొద్దు, దాస్తే మొత్తం రాయి మీదే నమ్మకం పోతుంది. నేనైతే ఇలా రాస్తాను, మీరు మీ ఆధారాలని బట్టి మార్చుకోండి:

"17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఈ కోరమండల్ తీరపు రేవుల్లో వేలమంది మనుషులను కొని బానిసలుగా బటావియాకు, సింహళానికి, ఇంకా దూర దేశాలకు ఓడల్లో తీసుకుపోయింది. కరువులో, యుద్ధాల్లో కొందరు తమ పిల్లలను అమ్ముకున్నారు, కొందరు తమను తాము అమ్ముకున్నారు, కొందరిని ఎత్తుకుపోయి అమ్మారు. అమ్మినవారిలో ఈ దేశపు దళారులూ ఉన్నారు. ఎక్కువమంది పేర్లు మనకు దక్కలేదు."

ఇంతే చాలు. "అమరవీరులకు జోహార్లు" లాంటివి పెట్టకండి, వాళ్ళు యుద్ధంలో చనిపోయినవాళ్ళు కాదు, బతకాలని చూసినవాళ్ళు. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది, ఓడ దెబ్బతిని ఒడ్డుకొస్తే సరుకు లాక్కోబోమని వర్తకులకి మాటిచ్చాడు. దాన్ని ఒకసారి తీసి చదవండి, ఎవరు ఎవరికి ఏం మాటిస్తున్నారో ఎంత సూటిగా ఉందో చూడండి. ఆ తర్వాత మీ నాలుగు వాక్యాలు చదువుకుంటే ఎక్కడ నసిగారో తెలిసిపోతుంది.

అక్షరాలు చెక్కించే దగ్గర కళ్ళు పెట్టి చూడండి. మన డీటీపీ షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు, దాన్ని కటింగ్ మిషను సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి, క్ర కాస్తా క అయిపోతుంది, గుడి దీర్ఘం ఎగిరిపోతుంది. స్క్రీన్ మీద చూసి సరే అనొద్దు. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయించి గోడకి అంటించి, తెలుగు టీచరుతో, ఏడో తరగతి పిల్లాడితో, ఇంకెవరైనా పెద్దావిడతో గట్టిగా చదివించండి, తడబడిన చోటల్లా గీత పెట్టండి. రాతి మీద స్టెన్సిల్ అంటించాక ఇంకోసారి చదవండి, అక్షరాలు చెక్కడానికి ఇసక కొట్టడం మొదలయ్యాక మార్చడానికి ఉండదు.

ప్రారంభోత్సవం శిలాఫలకం సంగతి ముందే తేల్చుకోకపోతే చివరి వారంలో పెద్ద తలనొప్పి అవుతుంది. మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, సర్పంచిగారు, దాతలు, కమిటీ, అందరి పేర్లూ రావాలంటారు. రానివ్వండి, వేరే చిన్న రాయి మీద, ఆవరణ గోడకి. ప్రధాన దిమ్మెల మీద వీళ్ళలో ఒక్కరి పేరు కూడా వద్దు, ఇచ్చినవాడు ఎంత ఇచ్చినా సరే. ఇది తీర్మానంలోనే రాయించుకోండి, చందా తీసుకునేటప్పుడే రసీదు మీద అచ్చు వేయించండి. తేదీ కావాలంటే ఆగస్టు 23 ఉంది, బానిస వ్యాపారాన్నీ దాని రద్దునీ గుర్తుచేసుకునే రోజుగా యునెస్కో పెట్టింది. 1791లో అదే నెలలో సెయింట్ డొమింగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో, బానిసలే తిరగబడ్డారు. డిసెంబరు 2 కూడా బానిసత్వ నిర్మూలన అంతర్జాతీయ దినమే కానీ మనకి తుఫాన్ల కాలం, షామియానా ఎగిరిపోతుంది.

చివరగా నిర్వహణ. ఉప్పుగాలికి నెలకోసారి మంచినీళ్ళతో కడిగితే చాలు, యాసిడ్ పొయ్యొద్దు, రంగులు వెయ్యొద్దు, పండగలకి సున్నం అసలే వద్దు. అక్షరాల్లో తెల్ల రంగు వెలిసినప్పుడు మళ్ళీ నింపాలి, దానికి కాస్త డబ్బు పంచాయతీ పేరున బ్యాంకులో వేసి ఉంచండి. ఈ పని ఎవరిదో పేరుతో కాకుండా పదవితో రాయండి, హైస్కూలు సోషల్ టీచరు అనో గ్రంథాలయ అధికారి అనో, ఎందుకంటే మనుషులు బదిలీ అవుతారు. పిల్లలు దిమ్మెల మీద కూర్చుంటే లేపొద్దు.